వసతిగృహ విద్యార్థులు – ఋతుసంబంధ శ్వాసకోశ వైరస్ వ్యాధులు

ముక్కుపుటాలు మొదలుకొని ఊపిరితిత్తులలోని వాయుగోణుల దాకా గాలి నడిచే దారిని శ్వాసమార్గం అంటారు. ఇందులో ముక్కు, గ్రసని, స్వరపేటికలతో కూడిన పైభాగం ఊర్ధ్వ శ్వాసమార్గం. వాయునాళం, శ్వాసనాళాలు, ఊపిరితిత్తులతో కూడిన దిగువ భాగం అధో శ్వాసమార్గం. ఈ దారి లోపలి వైపును కప్పి ఉంచే తడి పొరకు శ్లేష్మస్తరం అని పేరు. శ్లేష్మస్తర కణాలను వైరస్‌లు ఆక్రమించడం వల్ల పుట్టి, ఏడాదిలో కొన్ని ఋతువులలో విజృంభించి, ఆరోగ్యవంతులలో చాలావరకు వాటంతటవే నయమయ్యే వ్యాధుల సముదాయాన్ని ఋతుసంబంధ శ్వాసకోశ వైరస్ వ్యాధులని నిర్వచించవచ్చు. రొంప, పడిశం, సర్ది, ఫ్లూ, వైరల్ ఫీవర్ అని వాడుకలో చెప్పుకునేవన్నీ స్థూలంగా ఈ కోవకు చెందినవే. అయితే వైరల్ ఫీవర్ అన్న పేరు కింద శ్వాసమార్గంతో సంబంధం లేని జ్వరాలు కూడా చేరిపోతుంటాయి కనుక వాటిని చివరలో విడిగా విచారిద్దాం.

ఈ వ్యాధులు అన్ని వయసులవారికీ వచ్చేవే అయినా వసతిగృహంలో ఉండి చదువుకునే విద్యార్థి పరిస్థితి ప్రత్యేకమైనది. తెలుగు రాష్ట్రాలలో కళాశాలల కొత్త తరగతులు మొదలయ్యే కాలమూ నైరుతి ఋతుపవనాల కాలమూ దాదాపు ఒక్కటే. వేర్వేరు జిల్లాల నుంచి, వేర్వేరు వైరస్‌లను మోసుకుని వచ్చిన వందలాది యువతీయువకులు సరిగ్గా ఆ వేళకే ఒక కప్పు కిందికి చేరతారు. ఒక గదిలో నలుగురు పడుకుంటారు, ఒకే మెస్‌లో తింటారు, కిటికీలు మూసిన తరగతిలో గంటల తరబడి కూర్చుంటారు. నుదుటి మీద చెయ్యి వేసి చూసే అమ్మ దగ్గర ఉండదు. మందుల షాపు మాత్రం గేటుకు ఎదురుగానే ఉంటుంది. ఈ స్థితిలో విద్యార్థికి కావలసిన జ్ఞానం ఏది? మందుల పేర్లు తెలియడం కంటే వ్యాధి నడిచే కాలక్రమం తెలియడం ముఖ్యమన్నది ఈ వ్యాసం ప్రతిపాదించే సూత్రం. ఏ లక్షణం ఎన్నో రోజున రావడం సహజమో, ఎన్నో రోజు దాటి నిలిస్తే అసహజమో ఎరిగినవారికి అక్కరలేని మందుల బెడద తగ్గుతుంది. అక్కరపడిన వైద్యం ఆలస్యమయ్యే ప్రమాదమూ తగ్గుతుంది.

తనంతట తాను జీవక్రియలు నడుపుకోలేక, జీవకణంలో ప్రవేశించి ఆ కణపు యంత్రాంగంతోనే తన ప్రతులను తయారు చేయించుకునే అతిసూక్ష్మ నిర్మాణం వైరస్. జన్యుసమాచారాన్ని మోసే కేంద్రకామ్లం దాని సారం. చుట్టూ ప్రోటీన్ కవచం ఉంటుంది. కొన్ని వైరస్‌లకు ఆ కవచం మీద కొవ్వు పదార్థంతో కూడిన మరో పొర ఉంటుంది. దానిని బాహ్యపటలం అందాం. పరిమాణానికి వస్తే రైనోవైరస్ వ్యాసం సుమారు 30 నానోమీటర్లు, ఇన్‌ఫ్లుయెంజా వైరస్‌ది సుమారు 100. మనకు తెలిసిన బ్యాక్టీరియాలలో చాలావాటిది వెయ్యి నానోమీటర్ల స్థాయి. బాహ్యపటలాన్ని ఆధారం చేసుకుని శ్వాసకోశ వైరస్‌లను రెండుగా విభజిస్తారు. ఇన్‌ఫ్లుయెంజా, పారాఇన్‌ఫ్లుయెంజా, కరోనా, ఆర్‌ఎస్‌వీ అనేవి పటలం కలవి. రైనో, అడినో వైరస్‌లు పటలం లేనివి. చేతులు దేనితో కడుక్కోవాలన్న ప్రశ్నకు సమాధానం ఈ విభజనలోనే ఉంది కనుక విద్యార్థి దీనిని గుర్తుంచుకోవాలి.

వీటిలో సాధారణ జలుబుకు ప్రధాన కారకం రైనోవైరస్. దీనిలో 160కి పైగా రకాలు ఉన్నాయి. ఒక రకం సోకి తగ్గాక శరీరం తయారు చేసుకున్న ప్రతిరక్షకాలు ఆ రకాన్ని గుర్తుపడతాయి గానీ మిగిలిన రకాలను చాలావరకు గుర్తుపట్టలేవు. ఏడాదికి రెండు మూడు సార్లు జలుబు చేసిన యువకుడు తనలో రోగనిరోధక శక్తి సన్నగిల్లిందని బెంగపడి టానిక్కులు కొనడం కద్దు. నిజానికి అది ఈ వైవిధ్యపు ఫలితమే. 2019 చివర బయటపడిన కొత్త కరోనా వైరస్‌కు ముందు నుంచే మనుషులలో తిరుగుతూ జలుబు కలిగించే కరోనా వైరస్‌లు నాలుగు ఉన్నాయి. ఇన్‌ఫ్లుయెంజా వైరస్‌ను మనిషి నుంచి తొలిసారి వేరుచేసినది 1933లో, లండన్‌లో, విల్సన్ స్మిత్, క్రిస్టఫర్ ఆండ్రూస్, ప్యాట్రిక్ లెయిడ్లా అనే శాస్త్రజ్ఞులు. దీనిలో మనుషులను ఏటేటా బాధించేవి ఏ, బీ రకాలు. ఇది రైనోవైరస్ లాగా అనేక రూపాలతో ఏకకాలంలో తిరగదు. ఉత్పరివర్తనాల ద్వారా తన ఉపరితల ప్రోటీన్లను కొద్దికొద్దిగా మార్చుకుంటూ పాత ప్రతిరక్షకాలకు అందకుండా పోతుంది.

ఇక వ్యాధి ఎలా పుడుతుందో చూద్దాం. శ్లేష్మస్తరం మీద శైలికలనే సన్నని నూగువంటి నిర్మాణాలు నిరంతరం కదులుతూ, ధూళిని, సూక్ష్మజీవులను శ్లేష్మంలో చిక్కించి గొంతు వైపుకు నెడుతుంటాయి. ఈ కాపలాను దాటిన వైరస్ కణంలో ప్రవేశించగానే ఆ కణం ఇంటర్‌ఫెరాన్ అనే రసాయనాన్ని వెలువరించి ఇరుగుపొరుగు కణాలను హెచ్చరిస్తుంది; 1957లో ఐజాక్స్, లిండెన్‌మన్ దీనిని కనుగొన్నారు. ఆ హెచ్చరికతో రక్తనాళాలు ఉబ్బుతాయి, ముక్కు దిబ్బడ వేస్తుంది, శ్లేష్మం పొంగుతుంది, తెల్లరక్తకణాలు చేరుకుంటాయి. మెదడులోని అధోపర్యంకం శరీర ఉష్ణోగ్రతా ప్రమాణాన్ని పైకి జరుపుతుంది. ఆ కొత్త ప్రమాణాన్ని అందుకోవడానికి కండరాలు వణుకుతాయి. అదే చలిజ్వరం. రైనోవైరస్ తాను చేసే విధ్వంసం స్వల్పం; జలుబులో మనం అనుభవించే బాధలో అధిక భాగం మన దేహం చేస్తున్న రక్షణప్రయత్నపు పర్యవసానం. ఇన్‌ఫ్లుయెంజా అలా కాదు. అది శ్వాసమార్గపు పైపొర కణాలను నిజంగానే చంపి రాల్చివేస్తుంది. జలుబు వారం పది రోజుల్లో తగ్గిపోగా, ఫ్లూ తర్వాత రెండు వారాలైనా మెట్లెక్కితే ఆయాసం, ఒంట్లో నిస్త్రాణ మిగలడానికి ఇది ఒక కారణం.

వైరస్ ప్రవేశించిన క్షణం నుంచి లక్షణాలు పొడసూపే వరకు గల వ్యవధిని పొదుగు కాలం అంటారు. రైనోవైరస్‌కు ఇది ఒకటి నుంచి మూడు రోజులు. ఇన్‌ఫ్లుయెంజాకు ఒకటి నుంచి నాలుగు రోజులు, సగటున రెండు. జలుబు గొంతులో గరగరతో మొదలవుతుంది. రెండో రోజుకు తుమ్ములు, నీళ్లలా కారే ముక్కు. రెండు మూడు రోజులలో ఉచ్చస్థితి. నాలుగైదు రోజులకు శ్లేష్మం చిక్కబడి పసుపు, ఆకుపచ్చ రంగులకు తిరగడం. వారం పది రోజులకు ఉపశమనం. పెద్దవారిలో జలుబుకు జ్వరం రాకపోవడమో, వచ్చినా నలతగా ఉండి పోవడమో సాధారణం. ఫ్లూ నడక వేరు. పొద్దున తరగతికి వెళ్లినవాడు సాయంత్రానికి మంచం మీద ఉంటాడు. 101 నుంచి 104 డిగ్రీల ఫారన్‌హీట్ జ్వరం, ఒళ్లునొప్పులు, కళ్లు తెరవనివ్వని తలనొప్పి, పొడిదగ్గు ఒక్కుమ్మడిగా వస్తాయి. మూడు నాలుగు రోజులకు జ్వరం జారిపోతుంది. దగ్గు మాత్రం నిలుస్తుంది. ఈ దగ్గు దగ్గరే చాలామంది లెక్క తప్పుతారు. శ్వాసమార్గ వ్యాధి తర్వాత దగ్గు ఎన్నాళ్లుంటుందని అడిగితే వారమని చెప్పడం పరిపాటి. పరిశోధనలను క్రోడీకరించి చూస్తే సగటు సుమారు 18 రోజులు. ఎనిమిదో రోజున ఇంకా దగ్గుతున్న విద్యార్థి తన జబ్బు ముదిరిందని భావించి రెండో డాక్టరును, మూడో సిరప్‌ను వెతకడం ఈ పదకొండు రోజుల అంతరం వల్లనే జరుగుతుంది.

వానలో తడిస్తే జలుబు చేస్తుందా అన్న ప్రశ్న ఇక్కడ తప్పక వస్తుంది. తడి బట్టల నుంచి వైరస్ పుట్టదు. అందులో వివాదం లేదు. విషయం అంతటితో ముగిసిపోలేదు కూడా. ఇంగ్లండులోని సాల్స్‌బరీ దగ్గర 1946లో జలుబు పరిశోధనకే ఒక కేంద్రం నెలకొల్పి నాలుగు దశాబ్దాలకు పైగా నడిపారు. అక్కడ ఆండ్రూస్ బృందం స్వచ్ఛందంగా వచ్చినవారిని వేడినీళ్ల స్నానం తర్వాత తడి ఒంటితో చలిగాలిలో నిలబెట్టి, పైగా తడి మేజోళ్లు తొడిగించి పరీక్షించింది. చలి వల్ల జలుబు హెచ్చినట్టు తేలలేదు. వేల్స్‌లోని కార్డిఫ్‌లో జరిపి 2005లో ప్రచురించిన మరో ప్రయోగంలో 90 మంది పాదాలను చన్నీళ్లలో 20 నిమిషాలు ఉంచగా, మరో 90 మంది ఖాళీ పాత్రలో పాదాలుంచి కూర్చున్నారు. తర్వాతి నాలుగైదు రోజులలో మొదటి జట్టులో 26 మందికి, రెండో జట్టులో 8 మందికి జలుబు లక్షణాలు కనిపించాయి. అప్పటికే ముక్కులో అణగి ఉన్న వైరస్‌కు, చలికి ముక్కులోని రక్తనాళాలు ముడుచుకుపోవడం అవకాశమిస్తుందేమోనని ఆ పరిశోధకుల ఊహ. అయితే వారు వైరస్ పరీక్షలు చేయలేదు కనుక ఆ ఊహ ఊహగానే ఉంది. ముక్కులోని 33–35 డిగ్రీల సెల్సియస్ చల్లదనంలో రైనోవైరస్ దేహపు 37 డిగ్రీలలో కంటే బాగా వృద్ధి చెందుతుందన్నది మాత్రం ప్రయోగశాలలలో నిర్ధారితమైన విషయం. మొత్తం మీద పెద్దల మాటను పూర్తిగా కొట్టివేయనూ అక్కర్లేదు. వాన వెలిసేదాకా అందరూ కలిసి ఒకే గదిలో తలుపులు మూసుకుని కూర్చోవడం తడవడం కంటే ప్రమాదకరమని మరువనూ కూడదు. మన దేశంలో ఇన్‌ఫ్లుయెంజా ఏటా రెండుసార్లు, వర్షాలతో ముడిపడి ఒకసారి, జనవరి–మార్చి మధ్య మరోసారి, పెచ్చరిల్లుతుంది. ఆ రెండో దఫా వార్షిక పరీక్షల ముంగిట రావడం విద్యార్థుల దురదృష్టం.

వ్యాప్తి మార్గాలు మూడు. దగ్గినప్పుడు, తుమ్మినప్పుడు ఎగిరిపడే పెద్ద తుంపరలు ఒకటో రెండో మీటర్లలో నేల రాలతాయి, ఇది మొదటిది. మాట్లాడినా, పాడినా, ఊపిరి వదిలినా వెలువడే అతిసూక్ష్మ తుంపరలు తడి ఆరిపోయి గాలిలో తేలుతూ ఉండటం రెండోది. 1930లలో విలియం వెల్స్ ఈ విషయాన్ని వివరించినా వైద్యలోకం దీని ప్రాముఖ్యాన్ని కోవిడ్ కాలం దాకా పూర్తిగా గుర్తించలేదు. చేతుల ద్వారా సోకడం మూడోది: తలుపు గడియ, మెస్‌లోని గరిటె, పదిమంది చేతులు మారిన ఫోన్, ఆ చేతితోనే కన్నూ ముక్కూ నలుపుకోవడం. ఫ్లూ సోకిన వ్యక్తి లక్షణాలు మొదలవడానికి ఒక రోజు ముందు నుంచి, మొదలైన తర్వాత అయిదారు రోజుల దాకా వైరస్‌ను వెదజల్లుతాడు కనుక, జబ్బుపడినవాణ్ణి చూశాక జాగ్రత్తపడదామనుకుంటే అప్పటికే కొంత ఆలస్యమైనట్టు.

పైన చెప్పిన బాహ్యపటల విభజన ఇక్కడ అక్కరకొస్తుంది. సబ్బు కొవ్వును విడగొడుతుంది, ఆల్కహాలూ ఆ పటలాన్ని ఛేదిస్తుంది. కాబట్టి ఇన్‌ఫ్లుయెంజా, కరోనా వంటి పటలం గల వైరస్‌లు శానిటైజర్‌కు సులభంగా లొంగుతాయి. రైనో, అడినో వైరస్‌లకు కరగవలసిన పటలమే లేదు. వాటిని చేతి మీది నుంచి తొలగించడానికి సబ్బు నురగతో 20 సెకన్లు రుద్ది, పారే నీటితో కడగడమే నమ్మదగిన పద్ధతి. జేబులో శానిటైజర్ సీసా ఉన్నంత మాత్రాన జలుబు దరిచేరదనుకోవడం పొరపాటు. గాలి విషయంలో సూత్రం ఇంకా సరళం: ఎదురెదురుగా రెండు కిటికీలు, లేదా ఒక కిటికీ, ఒక తలుపు తెరచి ఉంచితే గదిలోని తుంపరల సాంద్రత తగ్గుతుంది. సీలింగ్ ఫ్యాను ఉన్న గాలినే తిప్పుతుంది గానీ కొత్త గాలిని తేలేదు. దోమల భయంతో కిటికీలు బిగించుకునే హాస్టళ్లలో జాలీలు బిగించమని వార్డెన్‌ను కోరడం విద్యార్థి సంఘాలు చేపట్టదగిన ఆరోగ్యకార్యం. దోమల బెడద కూడా దానితోనే తీరుతుంది. గదిలో ఒకరికి జలుబు చేసినప్పుడు అతడు మాస్కు ధరించడం, పడకలను తల దగ్గర తల కాకుండా తల దగ్గర కాళ్లు వచ్చేలా మార్చుకోవడం, తువ్వాలు, గ్లాసు వేరుగా ఉంచుకోవడం ఖర్చులేని ఉపాయాలు.

నివారణలో నిద్ర పాత్రను మన విద్యార్థులు గుర్తించవలసినంతగా గుర్తించలేదని నా అభిప్రాయం. అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో స్వచ్ఛందంగా వచ్చిన 164 మంది నిద్రను వారం రోజులు మణికట్టు యంత్రంతో కొలిచి, తర్వాత వారి ముక్కులలో రైనోవైరస్ చుక్కలు వేశారు. రాత్రికి ఆరు గంటలకన్నా తక్కువ నిద్రించినవారు ఏడు గంటలకు మించి నిద్రించినవారితో పోలిస్తే జలుబు బారిన పడే అవకాశం నాలుగు రెట్లకు పైగా ఉన్నట్టు 2015లో వెలువడిన ఆ అధ్యయనం తేల్చింది. పరీక్షల ముందు రాత్రంతా మేలుకోవడం, ఆ పరీక్షలకే ముక్కు కారుతూ వెళ్లడం అనే రెంటికీ ఉన్న సంబంధం ఇందులో స్పష్టంగా కనిపిస్తుంది. దీనితో పోలిస్తే విటమిన్ సీ ప్రయోజనం అల్పం. 1970లో లైనస్ పౌలింగ్ దానిని ఘనంగా ప్రచారం చేసిన నాటి నుంచి జరిగిన పరీక్షలన్నిటినీ కూడగట్టి చూస్తే, రోజూ తీసుకున్నా సామాన్యులలో జలుబుల సంఖ్య తగ్గలేదు. పెద్దవారిలో జలుబు నడిచే వ్యవధి నూటికి 8 వంతుల మేరకు తగ్గింది. అంటే వారం రోజుల జలుబులో సగం రోజు.

చికిత్సను రెండుగా విభజించాలి: లక్షణాలను శమింపజేసేది, కారణాన్ని తొలగించేది. మొదటి వర్గంలో అగ్రస్థానం పారాసెటమాల్‌ది. పెద్దవారు 500 లేదా 650 మిల్లీగ్రాముల మాత్రను, ఆరేసి గంటల ఎడంతో, అవసరమైనప్పుడే వేసుకోవచ్చు. రోజు మొత్తానికి 4 గ్రాములు ఎట్టి పరిస్థితిలోనూ మించరాదు. డాక్టరు చెప్పనిదే 3 గ్రాముల లోపు ఆగడం క్షేమం. ఇక్కడ దాగిన అపాయం ఒకటుంది. జలుబు మాత్రలని అమ్మేవాటిలో చాలావరకు పారాసెటమాల్ కూడా కలిసి ఉంటుంది. జ్వరానికొకటి, జలుబుకొకటి, ఒళ్లునొప్పులకొకటి అని మూడు రకాలు వేసుకున్నవారు తెలియకుండానే ఒకే మందును మూడింతలు మింగుతారు. హద్దు మీరితే దెబ్బతినేది కాలేయం. అట్ట వెనుక సన్నని అక్షరాలలోని రసాయన నామాలను చదవడం ప్రతి విద్యార్థీ చేయగలిగిన పని. ఆ మాత్రలలో ముక్కు దిబ్బడకని చేర్చే ఫినైలెఫ్రిన్ నోటి ద్వారా తీసుకున్నప్పుడు పనిచేయదని 2023లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థకు సలహా ఇచ్చే నిపుణుల సంఘం తీర్మానించింది. మూడో పదార్థమైన క్లోర్‌ఫెనిరమిన్ ముక్కు కారడాన్ని కొంత ఆపుతుంది గానీ మత్తు కలిగిస్తుంది. పరీక్ష రోజున, బండి నడిపే రోజున అది తగదు. ముక్కులో వేసుకునే ఆక్సీమెటజొలిన్, జైలోమెటజొలిన్ చుక్కలు నిమిషాల్లో దిబ్బడ విడిపిస్తాయి. వాటిని మూడు నుంచి అయిదు రోజులకు మించి వాడితే మందు ప్రభావం తగ్గినప్పుడల్లా ముక్కు మునుపటికంటే గట్టిగా మూసుకుపోయి, మందును మానలేని స్థితి ఏర్పడుతుంది.

గృహవైద్యాలలో గోరువెచ్చని ఉప్పునీటితో పుక్కిలించడం గొంతునొప్పికి ఉపశమనం. తేనె దగ్గును కొంత తగ్గిస్తుందని పరీక్షలు చెబుతున్నాయి. మిరియాల కషాయం, అల్లం టీ వేడి పానీయాలుగా హాయినిస్తాయి, వైరస్‌ను చంపవు. ఆవిరి పట్టడం వల్ల వ్యాధి త్వరగా తగ్గదు. హాస్టల్ మంచం మీద మరుగుతున్న గిన్నె పెట్టుకుని దుప్పటి కప్పుకుంటే ఒళ్లు కాలే ప్రమాదమే ఎక్కువ. లంఖణం పరమౌషధమని కడుపు మాడ్చుకోనక్కర్లేదు. జ్వరంలో దేహం నీటినీ శక్తినీ అధికంగా ఖర్చు చేస్తుంది కనుక గంజి, జావ, ఇడ్లీ, పప్పుచారు అన్నం, మజ్జిగ, ఓఆర్‌ఎస్ తీసుకుంటూ ఉండాలి. మూత్రం లేత రంగులో ఉంటే నీరు చాలినట్టు గుర్తు. పెరుగు, అరటిపండు మానివేయాలన్న నియమానికి శాస్త్రాధారం లేదు. నీరసంగా ఉందని సెలైన్ ఎక్కించుకునే అలవాటు మన ప్రాంతంలో వేళ్లూనుకుంది. అర లీటరు సాధారణ సెలైన్‌లో ఉండేది నీరు, నాలుగున్నర గ్రాముల ఉప్పు మాత్రమే; శక్తినిచ్చే పదార్థం అందులో లేశమైనా లేదు. నోటితో తాగగలిగినవారు సూది పోటుకు, దాని వెంట రాగల ఇన్ఫెక్షన్‌కు ఒడిగట్టడం అర్థరహితం.

కారణాన్ని తొలగించే మందుల చర్చ యాంటీబయాటిక్‌తో మొదలవ్వాలి, ఎందుకంటే దుర్వినియోగం అక్కడే ఉంది. 1895లో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు పరిశోధనా సంచాలకుడిగా ఉన్న అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో బెంజమిన్ డగ్గర్ ఆరియోమైసిన్‌ను కనుగొన్నారు. టెట్రాసైక్లిన్ తరగతి మందులకు అదే ఆద్యం. అటువంటి మందులు బ్యాక్టీరియా కణంలో ప్రోటీన్లు తయారుచేసే రైబోసోమ్‌లను స్తంభింపజేస్తాయి. పెనిసిలిన్ వంటివి బ్యాక్టీరియా కణకవచ నిర్మాణాన్ని అడ్డుకుంటాయి. వైరస్‌కు సొంత రైబోసోమ్ లేదు, కణకవచమూ లేదు. తగలవలసిన లక్ష్యమే లేనిచోట మందు చేయగలిగిందేమీ ఉండదు. మూడు రోజుల అజిత్రోమైసిన్ కోర్సు వేసుకోగానే జలుబు తగ్గిందని సాక్ష్యం చెప్పేవారు, మూడు నుంచి అయిదు రోజులలో అది ఎలాగూ తగ్గుముఖం పట్టవలసిందేనన్న కాలక్రమాన్ని గమనించలేదు. శ్లేష్మం ఆకుపచ్చగా మారితే బ్యాక్టీరియా చేరినట్టే అన్న నమ్మకమూ నిలవదు. ఆ రంగు తెల్లరక్తకణాలలోని ఇనుముతో కూడిన మైలోపెరాక్సిడేజ్ అనే ఎంజైమ్‌ది. యాంటీబయాటిక్ అట్టల మీద నిలువు ఎర్ర గీత ఉంటే డాక్టరు చీటీ లేనిదే వాడరాదని అర్థం. 2023 మార్చిలో దేశమంతటా దగ్గు, జ్వరాలు ప్రబలినప్పుడు భారత వైద్య సంఘం సైతం జ్వరం మూడు రోజుల్లో పోతుందని, దగ్గు మూడు వారాల దాకా ఉండవచ్చని, యాంటీబయాటిక్‌లు రాయవద్దని వైద్యులకే సూచించింది.

వైరస్‌నే ఎదుర్కొనే మందు ఇన్‌ఫ్లుయెంజాకు ఉంది: ఒసెల్టమివిర్. కొత్త వైరస్ రేణువులు కణం నుంచి విడివడకుండా అది అడ్డుకుంటుంది కనుక లక్షణాలు మొదలైన 48 గంటల్లోపు ఆరంభించినప్పుడే ప్రయోజనం అధికం. ఆరోగ్యవంతుడైన యువకుడిలో అది జబ్బును తగ్గించేది ఒక రోజుకు మించదు. ఆస్తమా, మధుమేహం, గర్భం ఉన్నవారికీ, ఊపిరి అందనివారికీ మాత్రం అది కీలకం. అటువంటివారు ఫ్లూ అనుమానం రాగానే మొదటి రెండు రోజుల్లోనే డాక్టరును చూడాలి. 2009లో ప్రపంచవ్యాప్తమైన కొత్త హెచ్1ఎన్1 ఇన్‌ఫ్లుయెంజా మన దేశంలో తొలిసారి నిర్ధారణ అయినది ఆ ఏడు మే నెలలో హైదరాబాదులోనే, విదేశం నుంచి విమానంలో వచ్చిన ఒక యువకుడిలో. నేడు అదే వైరస్ సంతతి ఏటా వచ్చే మామూలు ఫ్లూలో ఒక భాగమై తిరుగుతోంది.

ఫ్లూ టీకాలో ఏ రకాలు ఉండాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏడాదికి రెండుసార్లు, ఉత్తరార్ధగోళానికి ఫిబ్రవరిలో, దక్షిణార్ధగోళానికి సెప్టెంబరులో, నిర్ణయిస్తుంది. టీకా వేసుకున్నాక ప్రతిరక్షకాలు తయారవడానికి రెండు వారాలు పడుతుంది కనుక తెలుగు రాష్ట్రాల విద్యార్థికి వానలకు ముందు వేసుకోవడం అనువు. ఇది ప్రభుత్వ సార్వత్రిక టీకా కార్యక్రమంలో లేదు; కొనుక్కోవలసిందే. ఆస్తమా ఉన్న విద్యార్థులు ఆ ఖర్చుకు వెనుదీయరాదు. ఆగస్టులో అమెరికాకు చదువుకై వెళ్లే మన పిల్లలకు లెక్క వేరు. అక్కడ ఫ్లూ ఋతువు అక్టోబరుతో మొదలై చలికాలమంతా నడుస్తుంది, టీకా విశ్వవిద్యాలయాల ఆరోగ్య కేంద్రాలలో సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో దొరుకుతుంది. ఇంటి నుంచి సూట్‌కేసులో యాంటీబయాటిక్ అట్టలు సర్దుకుని వెళ్లడం కన్నా, చేరిన నెలలోనే అక్కడి ఆరోగ్య బీమా నియమాలు చదువుకుని, ఒక థర్మామీటర్ కొనుక్కోవడం ఉపకరిస్తుంది.

ఇప్పుడు మొదట వాయిదా వేసిన విషయానికి వద్దాం. వర్షాకాలంలో వైరల్ ఫీవర్, విషజ్వరం అని పిలిచే వాటిలో డెంగీ ఉంటుంది. అది దోమకాటుతో వచ్చే వ్యాధి, శ్వాసమార్గానిది కాదు. భేదం గుర్తించడానికి ముక్కు మంచి సాక్షి. తుమ్ములు, కారే ముక్కు, గొంతునొప్పి ఉంటే శ్వాసకోశ వైరస్ వైపు మొగ్గాలి. అవేమీ లేకుండా తీవ్ర జ్వరం, కనుగుడ్ల వెనుక నొప్పి, కీళ్లూ కండరాలూ విరిచేసినట్టుండటం, ఒంటిపై ఎర్రని దద్దుర్లు ఉంటే డెంగీని అనుమానించాలి. మొదటి అయిదు రోజులలో ఎన్ఎస్1 పరీక్ష, తర్వాత ఐజీఎం పరీక్ష దానిని పట్టిస్తాయి. డెంగీ కాదని తేలేవరకు ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ వాడరాదు. అవి రక్తస్రావాన్ని పెంచగలవు. ఆస్పిరిన్‌ను కౌమారంలో ఉన్నవారు ఏ వైరస్ జ్వరానికీ వాడరాదు. కాలేయాన్ని, మెదడును దెబ్బతీసే రై వ్యాధి దాని వెంట రావచ్చు. డెంగీ కాలక్రమం ఫ్లూకు పూర్తిగా విపరీతమైనది. ఫ్లూలో జ్వరం జారితే గండం గడిచినట్టు. డెంగీలో మూడో రోజుకు, ఏడో రోజుకు నడుమ జ్వరం తగ్గే వేళకే గండం మొదలవుతుంది. అప్పుడు కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మగత కనిపిస్తే ఆ గంటలోనే ఆసుపత్రికి చేరాలి. ఇక ఒక్క విడాల్ పరీక్ష చూసి టైఫాయిడ్ అని నిర్ధారించడం మన దగ్గర బహుళంగా జరిగే పొరపాటు. ఆ పరీక్ష వ్యాధి లేనివారిలో కూడా అనుకూలంగా రావచ్చు.

శ్వాసమార్గ వ్యాధిలోనే ప్రమాద సూచికలను కూడా రోజులతో జోడించి గుర్తుంచుకోవాలి. మూడు రోజులు దాటినా తగ్గని జ్వరానికి డాక్టరు పరీక్ష, రక్తపరీక్ష అవసరం. తగ్గి, ఒకటి రెండు రోజులు బాగుండి, మళ్లీ జ్వరం, చిక్కని కళ్లె, ఛాతీలో పోటు వస్తే వైరస్ పాడుచేసిన శ్లేష్మస్తరం మీద బ్యాక్టీరియా చేరి న్యుమోనియా కలిగించి ఉండవచ్చు. యాంటీబయాటిక్ సమంజసమయ్యే సందర్భం ఇది. విశ్రాంతిగా కూర్చున్నా ఆయాసం, ఆక్సీమీటరులో 94 కంటే తక్కువ, పెదవులు నీలిరంగుకు తిరగడం, మాట తడబడటం, రోజంతా మూత్రం రాకపోవడం వంటివి ఏ రోజు కనిపించినా, అర్ధరాత్రయినా, వార్డెన్‌ను లేపి 108కు ఫోన్ చేయవలసిన లక్షణాలు. జ్వరం ఉన్నన్నాళ్లూ ఆటలు, జిమ్ మానాలి. వైరస్ గుండె కండరాన్ని కూడా సోకే అవకాశం అరుదుగానైనా ఉంది, శ్రమ దానిని ప్రమాదకరం చేస్తుంది. మాత్ర వేసుకోకుండానే 24 గంటలు జ్వరం లేనప్పుడు తరగతికి వెళ్లవచ్చు. హాజరు శాతం కోసం మాత్ర మింగి జ్వరాన్ని అణచి వెళ్లేవారి వల్లనే బెంచీలకు బెంచీలు జబ్బుపడతాయి. వైద్య ధ్రువపత్రానికి ఉదారంగా సెలవిచ్చే కళాశాల ఆ వారంలో తన బోధనా దినాలను కాపాడుకుంటుందే గానీ పోగొట్టుకోదు.

మిగిలింది దగ్గు. వైరస్ అనంతర దగ్గు మూడు వారాల దాకా సాగవచ్చని పైన చెప్పుకున్నాం. అయితే మన దేశంలో క్షయ విస్తృతంగా ఉన్నందున రెండు వారాలు దాటిన ఏ దగ్గుకైనా తెమడ పరీక్ష చేయించాలన్నది జాతీయ క్షయ నిర్మూలన కార్యక్రమపు నియమం. ఈ రెండు మాటల నడుమ వైరుధ్యం ఉన్నట్టు తోచినా, లేదు. పదిహేనో రోజున చేసే పరీక్ష భయానికి గుర్తు కాదు, క్రమానికి గుర్తు. సాయంత్రపు పలుచని జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం, కళ్లెలో రక్తపు జీర ఉంటే పదిహేను రోజులు ఆగనక్కరే లేదు. ప్రభుత్వ ఆసుపత్రులలో ఆ పరీక్షా, వ్యాధి తేలితే ఆ తరువాతి మందులూ ఉచితం. ఏమీ లేదని తేలితే అది వైరస్ వెళ్లిపోయాక కొన్నాళ్లుండే ఉత్త దగ్గయి ఉండే అవకాశమే ఎక్కువ. ఎనిమిది వారాలు దాటితే ఆస్తమా, కడుపులోని ఆమ్లం పైకి ఎగదన్నడం వంటి ఇతర కారణాల కోసం శ్వాసకోశ నిపుణుణ్ణి సంప్రదించాలి.